కట్టమ్మ చదివించిన కాయితం

అక్కలారా, అన్నలారా, డ్యూటీ దిగి స్నానం కూడా చెయ్యకుండా బొగ్గుబాయి దగ్గరి నుంచి సీదా ఇక్కడికే వచ్చిన తమ్ముళ్లారా,

భూపాలపల్లిలో మన క్వార్టర్ల జనం ఇంతమంది ఒక్కతాన కూడుడు బోనస్ పడిన రోజు తప్ప నేను ఎన్నడూ చూడలేదు. ఈ రోజు బోనస్ లేదు. మన కట్టమ్మ లేదు. పదకొండు రోజులైంది. అయినా గుమ్మంలో ఎవరు చెప్పులు విడిచినా నా చెవి అటే పోతున్నది. కట్టమ్మ ఒట్టి చేతులతోనైనా వచ్చేది కానీ, ప్రశ్న లేకుండా ఎన్నడూ రాలేదు.

ముందు వరుసలో ఆమె కొడుకు కల్యాణ్ కూసున్నడు. నాయినా, మీ అమ్మ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచిండ్రు. ఇక్కడి బడిలో ముప్పై అయిదేండ్లు తప్పులు దిద్దినదాన్ని. మంచి మాటలు జర ఆలస్యంగా వస్తయి. ఓపిక పట్టు.

ఆమె ప్రశ్నలు ఎక్కడ మొదలైనయో కొత్తగా వచ్చినోళ్లకు తెల్వదు. ఆమె పెనిమిటి పోశాలు బొగ్గుబాయిల పనిచేసేటోడు. కొలువుల చేరినప్పుడే, పెండ్లి కాకముందు, బీమా కట్టిండు. నామినీ అన్నచోట తల్లి పేరు రాసిండు. నామినీ అంటే మనం పోయినంక ఆ పైసలు చేతికి తీసుకునే మనిషి. తర్వాత పెండ్లైంది. కల్యాణ్ పుట్టిండు. తల్లి కాలం చేసింది. అన్నీ మారినయి, ఆ కాయితం ఒక్కటి మారలేదు. పోశాలు పోయినప్పుడు బీమా పైసలు ఎవరికి రావాలె? ఆయనకంటే ముందే పోయిన తల్లికి! వారసులం మేమేనని కోర్టు కాయితం తెచ్చేటందుకు కట్టమ్మ, చంకన పిల్లగానితోని, మూడేండ్లు తిరిగింది.

మనమైతే ఏం చేసేటోళ్లం? ఏడ్చి ఊకునేటోళ్లం. ఆమె పలక పట్టుకొని మా ఇంటికి వచ్చింది. "టీచరమ్మా, నన్ను మూడేండ్లు తిప్పిన కాయితంల ఏమున్నదో నేనే చదవాలె" అన్నది. నేను అ, ఆ లతో మొదలుపెడితే, అన్నేండ్లు ఆగుడు తన వల్ల కాదన్నది. నా దగ్గర చదువుకున్న అందరిలో 'నామినీ' అన్న మాటతో అక్షరాభ్యాసం చేసింది ఆమె ఒక్కతే.

ఇగ పెండ్లిళ్లు! చిరంజీవి, గ్రేస్, మీ పెండ్లి యాదికున్నదా? కట్నాలు చదివించే బల్ల దగ్గర మైకులో ఒకరు స్టీలు బిందె, ఒకరు అయిదు వందల పదహార్లు అని వినబడుతున్నయి. అంతల, "కట్టమ్మ గారు, నామినీ ఫారాలు రెండు, పెన్ను ఒకటి. పెన్ను వాపసు ఇయ్యాలె" అని వినబడ్డది. పెండ్లికొడుకు సంతకం పెట్టేదాకా ఆమె బిర్యానీ ముట్టలేదు. ఎవరినీ ముట్టనియ్యలేదు. చిరంజీవి తల్లి నర్సమ్మ నెల రోజులు మూతి ముడుచుకున్నది, కొడుకు తన పేరు తీసేసి పెండ్లాం పేరు రాసిండని. కట్టమ్మ ఏమన్నది? "వదినా, కాయితంలకెల్లి తీసిండు, కడుపులకెల్లి తీసెయ్యలే గదా!"

అందరినీ ఇట్లనే అడిగేది. "నెల రోజులు నువ్వు డ్యూటీకి పోకుంటే ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతది? బండికి కిస్తీ కడుతున్నవు, దవాఖానకు ఏం దాచినవు?" అడిగి, చాయ్ తాగి పోయేది. చాయ్ ఆమెది, పరేషాన్ మనది.

తెల్ల చొక్కా ఆయనను మరిచిపోయిండ్రా? పెట్టిన పైసలకు ఏడాదిలో రెండింతలు ఇస్తనని రిటైరైనోళ్లందరినీ మా వాకిట్ల కూసోబెట్టిండు. ప్రేమ్‌సింగ్ అన్న అప్పటికే చెక్కు తీసిండు. కట్టమ్మ వెనక నుంచి అడిగింది: "బిడ్డా, మీ అవ్వ ఎంత పెట్టింది?" ఆయన నీళ్లు తాగిండు. "మీ అవ్వకు లేని నమ్మకం నాకెక్కడికెల్లి రావాలె?" ప్రేమ్‌సింగ్ అన్న చెక్కు మడిచి జేబుల పెట్టుకున్నడు. తెల్ల చొక్కా ఆయన గొడుగు మర్చిపోయి పోయిండు. అది ఇంకా మా ఇంట్లనే ఉన్నది. మంచి గొడుగు.

ఇప్పుడు నా సంగతి. నవ్వకండి.

నా మనవరాలు పూజ తల్లి లేని పిల్ల. నా దగ్గరే పెరిగింది. ఆమె చదువుకని బ్యాంకుల ఉన్నదంతా దాచిన. దాని మీద నామినీ ఎవరు? మా ఆయన. ఆయన పోయి తొమ్మిదేండ్లు. కట్టమ్మ ఏటా అడిగేది, నేను ఏటా మార్చిన అనేదాన్ని. ఊరంతటి తప్పులు దిద్దిన చెయ్యి, ఆ ఒక్క పేరు మీద గీత కొట్టలేకపోయింది. నాకేమన్న అయితే, కట్టమ్మ తిరిగిన మూడేండ్లు పూజ తిరగాలె. తెల్సి కూడా కొట్టలేదు.

దవాఖానలో ఆఖరిసారి కలిసినప్పుడు కట్టమ్మ నా చెయ్యి పట్టుకున్నది. దేవుని మాట ఏదన్న చెప్తదేమో అనుకున్న. "టీచరమ్మా, మార్చినవా?" అన్నది. "మార్చిన" అన్న. కండ్లు మూసుకున్నది. నమ్మిందా? పదకొండు రోజులు నన్ను నేను అడుక్కున్న ప్రశ్న అదే.

నిన్న కల్యాణ్ ఆమె పెట్టెలోంచి ఒక కవర్ తెచ్చిచ్చిండు. మీద నా పేరు. లోపల నామినీ ఫారం. నామినీ అన్నచోట ఆమె వంకర అక్షరాలలో పూజ పేరు. సంతకం జాగ ఖాళీ. ఒక పెన్ను, ఒక చీటీ. చీటీల రాసింది ఒక్కటే మాట: "ఈసారి పెన్ను వాపసు అక్కర్లేదు."

అంటే, నమ్మలేదన్నట్టే. నా శిష్యురాలు కదా, నా తప్పు నాకే దిద్దింది.

సంతకం పెట్టిన. రేపు పొద్దున బ్యాంకు తలుపు తెరిచేసరికి అక్కడుంట.

ఇప్పుడు అందరం లేద్దాం. రెండు నిమిషాలు కట్టమ్మను తలుచుకుందాం. ఒక్క మనవి. రెండు నిమిషాలైనంక, మీ కాయితాల మీద ఉన్నది బతికున్న మనిషి పేరేనని ఖచ్చితంగా తెల్సినోళ్లే కూసోండి. తెల్వనోళ్లు నిలబడే ఉండండి, సిగ్గుపడకండి. బ్యాంకుల ఇంకా మా ఆయన పేరే ఉన్నది, నేను కూడా నిలబడే ఉంట. పెన్ను నా దగ్గరున్నది.

లేవండి.