రాని రేటు

ఆ కవరు మంచం మీద పెట్టి ఇంతసేపైంది. దాన్నీ చూడవు, నన్నూ చూడవు, చొక్కాలు మడతపెట్టుకుంటూ కూర్చుంటావ్. ఎన్నిసార్లు మడతపెడతావ్ వదినా? నేనొచ్చాక ఆ నీలం చొక్కా ఒక్కటే మూడుసార్లు విప్పావు, మూడుసార్లు మడిచావు.

తీసుకో. నేను విప్పను కూడా లేదు. పాప ఎలా అంటించిందో అలాగే ఉంది, కావాలంటే చూసుకో. అది ఆఫీసు నుంచి వచ్చేలోపు నీ చేతిలో పెట్టి పోదామనే ఈ వేళప్పుడు వచ్చాను. దాని మొహం చూసే ధైర్యం నాకు లేదు, ఉన్నమాట చెప్తున్నా.

టీ వద్దు. మంచినీళ్ళూ వద్దు. కూర్చో నువ్వు.

అసలు నేనేం చేశాను? ముందు అది చెప్పు. రేటు అడిగారు, చెప్పాను. ఇరవై రెండేళ్ళు మా ఇద్దరికీ రేటు చెప్పిందెవరు? నేనే కదా. మీ ఆయన్ని నమ్ముకునుంటే ఇద్దరం ఏ బస్టాండులోనో టోపీ తిరగేసి పెట్టుకుని వాయించుకునేవాళ్ళం.

వాడి నోట్లో నాలుకుండేది కాదు. ఎవరైనా ఎంత తీసుకుంటారండీ అనడం ఆలస్యం, అకార్డియన్ బెల్టు సర్దుకుంటూ నేలచూపులు చూసేవాడు. 'మీ ఇష్టమండీ' అనేవాడు. మీ ఇష్టమట. పళ్ళు పీకే డాక్టరు అంటాడా ఆ మాట? కూరగాయలమ్మేవాడు అంటాడా? ఒకసారి ఎవరిదో రిటైర్మెంటు పార్టీ, ఆ పెద్దమనిషి చివర్లో కళ్ళు తుడుచుకున్నాడని, ఒప్పుకున్న దాంట్లో సగం చాలండీ అన్నాడు మీవాడు. నేను వెనక నుంచి కాలు తొక్కుతున్నా, అయినా ఆగలేదు. ఆయన ఏడిస్తే మనకేంట్రా, ఏడిపించేలా వాయించాం కాబట్టి ఇంకో నాలుగు డబ్బులు ఎక్కువ అడగాలి అని దారిపొడుగునా తిట్టాను. నవ్వుతూ కూర్చున్నాడు.

అందుకే మాట నాది, లెక్క నాది అనుకున్నాం. నేనైతే అన్నీ అడిగేవాణ్ణి. ఎన్ని గంటలు? జనం కూర్చుని వింటారా, తింటూ కబుర్లు చెప్పుకుంటారా? లిఫ్టు ఉందా, లేకపోతే ఆ బరువంతా మోసుకుని మూడంతస్తులు ఎక్కాలా? మాకు భోజనం అతిథులతోనా, వంటింటి వెనకాలా? వెనకాలైతే ఇంకాస్త ఎక్కువ చెప్పేవాణ్ణి. అవమానం ఊరికే వస్తుందా మరి.

ఇక రాని రేటు సంగతి నీకు నేను చెప్పాలా. ఆ పేరు పెట్టిందే నువ్వు. మీ వంటింట్లోనే, గరిటె చేత్తో పట్టుకుని. ఇష్టం లేని చోటికి రాము అని చెప్పకూడదు మా పనిలో. ఒకసారి రామంటే మళ్ళీ పిలవరు. అందుకని నేను మూడింతలు చెప్పేవాణ్ణి. అబ్బో అని వాళ్ళే ఫోన్ పెట్టేసేవాళ్ళు. మర్యాదకి మర్యాదా దక్కేది, ఆదివారానికి ఆదివారమూ దక్కేది. 'అయితే అది వచ్చే రేటు కాదు, రాని రేటన్నమాట' అన్నావు నువ్వు. మీ ఆయనకి నవ్వీ నవ్వీ పొలమారింది. నువ్వు నెత్తిమీద తడితే గానీ తగ్గలేదు.

పడవ మీద పెళ్ళిరోజు చేసుకుంటానన్న ఆయన గుర్తున్నాడా? మీవాడికి నీళ్ళంటే బకెట్లో ఉన్నా భయమే. సరే కదా అని నేను రాని రేటు చెప్పేశాను. ఆ మహానుభావుడు బేరం కూడా ఆడకుండా ఒప్పేసుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందాం అన్నాను నేను. మీ ఆయనే వినలేదు. 'నువ్వు రేటు చెప్పావు, వాళ్ళు ఇస్తామన్నారు. ఇంక వెళ్ళాల్సిందే' అన్నాడు. మూడు గంటలు కళ్ళు గట్టిగా మూసుకుని వాయించాడు. తన్మయత్వం అనుకున్నారు జనం. ఒడ్డుకి రాగానే నా భుజం పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఆ రోజు నుంచీ అదే మా రూలు. డబ్బిస్తే మాత్రం వెళ్ళి తీరాలి, అది రాని రేటైనా సరే.

కాస్త నవ్వుతావేమో అనుకున్నా. సరేలే.

ఆ హోటలు గొడవ కూడా నువ్వు మర్చిపోయుండవు. ఇన్నేళ్ళలో ఒకేఒక్కసారి రేటు వాడు చెప్పాడు. నాకు తెలీకుండా మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఏడాది పొడుగునా ప్రతి శనివారం వాయిస్తామని, మేమడిగే దాంట్లో సగానికి ఒప్పుకొచ్చాడు. పాప కాలేజీ ఫీజుకి ఇబ్బందిగా ఉందట. నెలనెలా ఇంత అని వస్తే నిశ్చింత కదా అనుకున్నాడట. ఆ ముక్క నాతో అంటే నేను కాదంటానా? పాప నాకు మాత్రం పరాయిదా? నేనా సంగతి మేనేజరు నోటి నుంచి విన్నాను వదినా. బల్లలు సర్దే కుర్రాళ్ళంతా చూస్తుండగా అడిగేశాను. నా ఊపిరికి రేటు కట్టడానికి నువ్వెవడివిరా అని.

వాడిది అదే చూపు, నేలకేసి. నేను క్లారినెట్ ముక్కలు విప్పి డబ్బాలో పెట్టుకుని బయటికొచ్చేశాను. వెనక నుంచి పిలుస్తాడేమో అని గేటు దగ్గర కాసేపు ఆగాను కూడా. పిలవలేదు.

ఆరేళ్ళు. ఒకే ఊళ్ళో, నాలుగు బస్టాపుల దూరంలో ఉండి ఆరేళ్ళు. వాడు ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. వాడి తర్వాత నలుగురితో వాయించాను నేను. గట్టివాళ్ళే, మంచి చదువు చదివినవాళ్ళే. కానీ ఊపిరి తీసుకోవడానికి నేనాగితే వాళ్ళెవరూ ఆగేవాళ్ళు కాదు. మీవాడు ఆగేవాడు. నా భుజం ఎప్పుడు లేస్తుందో వాడికి తెలుసు, అక్కడ కాస్త సాగదీసి నాకోసం ఉండేవాడు. వినేవాళ్ళకి అది పాటలో భాగమే అనిపించేది.

ఇలా ఉండగా ఆ ఫోనొచ్చింది. ఎవరో ఆడపిల్ల. ఇంట్లో ఒక్క గంట వాయించాలి, వినేది ఒక్కరే, మా నాన్నకి ఒంట్లో బాగాలేదు, వీలైతే ఈ వారంలోనే, ఎంత తీసుకుంటారు అంది. నాకేం తెలుసు? పేరు చెప్పలేదు. ఎవరి నాన్నకో అనుకున్నా. ఇళ్ళకి వెళ్ళి వాయించడం నాకిష్టం ఉండదు, అలవాటుగా రాని రేటు నోటికొచ్చేసింది. తర్వాత 'సరే అండీ' అంది. ఎవరో బాగా ఉన్నవాళ్ళే అనుకుని, ఈ వారం కుదరదు, వచ్చే ఆదివారం నాలుగింటికి వస్తానన్నాను. మర్నాడు మా మెట్ల కింద మందుల షాపులో ఈ కవరిచ్చి వెళ్ళింది. మీద అడ్రసు రాసుంది. ఈ ఇంటి అడ్రసు. అప్పుడు తెలిసింది నాకు. అప్పుడే.

తెలిశాకైనా రావాల్సింది కదా అంటావ్. వేరే పనులు ఒప్పుకున్నాను వదినా. ఒప్పుకున్నవి వదిలేసి ఎలా రాను? ఆదివారం వాడి ఒళ్ళోనే ఈ కవరు పడేసి, వాయించి పోదామనుకున్నాను.

సరిగ్గా నాలుగింటికి వచ్చాను. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు. పొద్దున్నంతా సాధన చేశాను, వాడికిష్టమైనవన్నీ వరసగా అనుకున్నాను. గుమ్మం బయట చూస్తే చెప్పులు. ఇరవై జతలుంటాయేమో. నాకేమనిపించిందో తెలుసా? సిగ్గు విడిచి చెప్తున్నా. ఒక్కరే వింటారని చెప్పి ఊరందర్నీ పిలిచారే, దీనికి రేటు వేరే కదా అనుకున్నాను. ఆ చెప్పుల మధ్య నిలబడి లెక్కేసుకున్నాను నేను. తలకి ఇంత అని.

లోపలికొస్తే కుర్చీలన్నీ గోడల వెంట ఉన్నాయి. నా చేతిలో క్లారినెట్ డబ్బా చూసి ఎవరో ఆయన జరిగి చోటిచ్చాడు. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. గురువారమే అయిపోయిందండీ అన్నాడు ఆయన, బస్సు వెళ్ళిపోయిందని చెప్పినంత మెల్లిగా.

పాప నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చింది. తిట్టుంటే బాగుండేది. గురువారం సాయంత్రం మీకు ఫోన్ చేశానండీ, తియ్యలేదు అంది. ఫోను పక్క గదిలో ఉండిపోయింది, చూసుకోలేదన్నాను. ఆ తర్వాత ఇంకోటి అడిగింది. మీరెంత చెప్పారో నాన్నకి చెప్తే, ఇంకోసారి చెప్పమన్నారు, చెప్తే నవ్వారు, నవ్వి గోడవైపు తిరిగి పడుకున్నారు, ఎందుకు నవ్వారండీ అని. రాని రేటు సంగతి మన ముగ్గురికి తప్ప లోకంలో ఎవరికి తెలుసు? అది నిజంగా నా రేటే అనుకుంది పిచ్చిది. జీతం మీద అడ్వాన్సు తీసుకుని, చాలకపోతే స్నేహితురాళ్ళని అడిగి, ఒక్క రోజులో పోగేసింది.

నాకు అర్థం కానిది ఒక్కటే. వాడికి తెలుసు కదా. ఆ అంకె వినగానే నేను రానంటున్నానని తెలిసిపోయింది కదా వాడికి. మరి పాపని ఎందుకు ఆపలేదు? వద్దమ్మా, వాడు రాడు, ఆ డబ్బు కట్టకు అని ఒక్క మాట ఎందుకనలేదు? పక్కనే ఉన్నావు కదా నువ్వు. చెప్పు వదినా. ఏమన్నాడు వాడు?

ఏంటి?

కట్టనీ అన్నాడా?

చెప్పిన రేటిస్తే వాడు రాకుండా ఉండడు అన్నాడా?

ఆగు. కాస్త ఆగు. ఆ చొక్కా ఇటివ్వు, ఏం కాదు, కళ్ళు తుడుచుకుంటాను. లేకపోతే వద్దులే, వాడిది, నీ దగ్గరే ఉంచుకో.

వదినా, పాప పేరు చెప్పలేదన్నాను కదా. నిజమే, పేరు చెప్పలేదు. 'బాబాయ్, నేను' అంది. మొదటి మాటే అది. ఆరేళ్ళు కాదు, అరవై ఏళ్ళయినా ఆ గొంతు నేను పోల్చుకోనా? అకార్డియన్ పెట్టెలో దుప్పటి పరిచి పడుకోబెట్టేవాళ్ళం దాన్ని, మేం వాయించినంతసేపూ. నేనేమన్నానో తెలుసా. ఎవరండీ మాట్లాడేది అన్నాను. దాన్ని పట్టుకుని 'అండీ' అన్నాను. ఆ తర్వాత అదీ నన్ను 'అండీ' అనే పిలిచింది. నాన్న మంచం దిగట్లేదండీ, మీ క్లారినెట్ వినాలంటున్నారండీ, ఎక్కువ రోజులు లేవంటున్నారండీ. అన్నీ చెప్పింది. ఏమీ దాచలేదు.

వాడికి తగలాలనే చెప్పాను ఆ రేటు. నిజంగానే పోతాడని నేననుకోలేదు వదినా, పిల్ల కంగారుపడుతోంది అనుకున్నా. ఆ అంకె వింటే వాడికి ఒళ్ళు మండుతుంది, వాడే ఫోన్ చేసి నా దగ్గరా నీ వేషాలు అని తిడతాడు అనుకున్నా. ఆ ఒక్క తిట్టు చాలు నాకు. ఆరేళ్ళుగా దానికోసమే చూస్తున్నాను. తిట్టుంటే ఆ క్షణమే వచ్చేసేవాణ్ణి, డబ్బూ వద్దు, ఏమీ వద్దు. వేరే పనులున్నాయన్నది కూడా అబద్ధమే. ఆ వారం నన్నెవరూ పిలవలేదు. ఇంట్లోనే ఉన్నాను, ఫోను బల్లమీద పెట్టుకుని.

గురువారం సాయంత్రం మోగింది. పక్క గదిలో ఎక్కడుంది, నా ముందే ఉంది. మీ ఇంటి నంబరే. దారికొచ్చాడు, అనుకున్నాను. వెంటనే తీస్తే లోకువైపోతానని మోగనిచ్చాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తాడులే అని పక్కనే కూర్చున్నాను. చెయ్యకపోతే మాత్రం ఏముంది, ఆదివారం నాలుగింటికి ఎలాగూ కనపడతాడు కదా, అప్పుడే తిట్టించుకుందాం అనుకున్నాను వదినా.