ఇంకో గ్రూపు

షాపుల సంఘం మీటింగుకని టైలరమ్మ మిషను మీద గుడ్డ కప్పి బయల్దేరబోతుంటే ఇనుప సామాన్ల షాపాయన ఆపాడు.

"మీటింగు నిన్ననే అయిపోయిందమ్మా. ముందుకి జరిపారు. గ్రూపులో పెట్టారుగా."

"నేనూ గ్రూపులోనే ఉన్నాను కదన్నయ్యా. అందులో ఇవాళనే ఉంది."

"అది గుడ్మార్నింగుల గ్రూపు. పనుల గ్రూపు వేరే ఉంది."

"మరి అందులో నేనెందుకు లేను?"

"వద్దని ఎవరూ అనలేదమ్మా. మందుల షాపాయన చేరుస్తాడని నేననుకున్నా. నేను చేరుస్తానని ఆయన అనుకున్నాడేమో."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకు పాలుపోలేదు.

"ఇంతకీ నిన్న ఏం తేల్చారు?"

"అన్ని షాపుల పనివాళ్లకీ ఒకే రకం చొక్కాలు. పక్క ఊరి టైలరుకిచ్చారు. మన వీధిలో కుట్టేవాళ్లు లేరన్నారు."

"మీరక్కడే ఉన్నారు కదా. ఇప్పుడు మీరు వేసుకున్న చొక్కా నేను కుట్టిందే."

ఆయన కాలరు తడుముకున్నాడు.

"నిజమేనమ్మా, ఆ టైముకి తట్టలేదు. ఇప్పుడే చేర్పిస్తాను. నీ నంబరు చెప్పు."

"ఆరేళ్లయింది షాపు పెట్టి. నా నంబరు మీ దగ్గర లేదా?"

"ఎదురుగానే ఉంటావు కదమ్మా. నంబరుతో పనేముంటుంది?"

ఆ మాట ఆయన ఆప్యాయంగానే అన్నాడు. ఆమె నంబరు చెప్పింది.