అక్కయ్యగారి తడిరోడ్డు

1991 జూలై ఒకటో తేదీన, వానకు తడిసిన గొడుగును ఎక్కడ పెట్టాలో తోచక చేతిలోనే పట్టుకుని, మన రహదారి పరీక్షాశాలలో సాంకేతిక సహాయకురాలిగా అడుగుపెట్టిన మన ప్రధాన అధికారిణి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కార్యాలయ పత్రాల్లో ఏ హోదా ఉన్నా, మనందరికీ ఆమె అక్కయ్యగారే.

తడిసిన రోడ్డు మీద చక్రానికి ఎంత పట్టు దొరుకుతుందో కొలవడం ఆమె వృత్తి. లోలకం చివర రబ్బరు ముక్క బిగించి, రోడ్డు మీద నీళ్లు పోసి వదిలితే, అది రోడ్డును రాసుకుంటూ పోయి డయల్ మీద ఒక అంకె చూపిస్తుంది. వదలడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ అంకెను నమ్మవచ్చునా అన్నదే అసలు ప్రశ్న. నీళ్లు చాలకపోయినా, రబ్బరు పాతబడినా ముల్లు అబద్ధం చెబుతుందనీ, దాన్ని నమ్మినందుకు ఎవరో ఒకరు మలుపులో పడతారనీ ఆమెకు అనుక్షణం భయం. అందుకే మళ్లీ మళ్లీ కొలిపించి మన ఓపికకు పరీక్ష పెట్టారు. మనం లోలోపల విసుక్కున్న మాట దాచడమెందుకు?

కొన్నేళ్లకు ఆమె సొంత తమ్ముడు కూడా ఇక్కడే చేరారు. ఆయన నీళ్లు పోసేవారు, ఆమె లోలకం వదిలేవారు. పదోన్నతి మీద ఆయన వేరే పరీక్షాశాలకు వెళ్లాక, అన్నిచోట్ల పరికరాలనూ ఒకే రోడ్డు మీద పోల్చి చూసే రోజొకటి వచ్చింది. అక్క అంకెకూ తమ్ముడి అంకెకూ పొంతన కుదరలేదు.

“నన్ను అనుమానిస్తున్నావా అక్కా?”

“నిన్ను కాదురా, నీ రబ్బరును. గట్టిపడిపోయింది, అవతల పారెయ్.”

నలుగురిలో అన్న ఆ మాటకు ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయారు. అంతే, ఆపైన ఏళ్ల తరబడి మాటల్లేవు.

అక్కయ్యగారు సీనియర్ అధికారిణి అయ్యారు, ప్రధాన అధికారిణీ అయ్యారు. అయినా నీళ్లు పోసేది ఎవరైనా సరే, డయల్ మీంచి చూపు తిప్పకుండా “చాలు తమ్ముడూ” అనడం మానలేదు. “నేను చెల్లెల్ని మేడమ్” అని మన సహాయకురాలు నవ్వితే తానూ నవ్వేవారు. కానీ ఆ పిలుపుకు పలకాల్సిన మనిషి కోసం ఆమె ప్రాణం ఎంత కొట్టుకునేదో మనం చూస్తూనే ఉన్నాం. ఫోన్ చేయమని మరదలు బతిమాలినా, “వాడే చేస్తాడులే” అనేవారు. మొండితనంలో ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే మరి!

గత వారం, ఉద్యోగంలో చివరి కొలత కోసం మన వీధి మలుపులో పరికరం ముందు కూర్చున్నారు. వెనక నుంచి ఎవరో నీళ్లు పోశారు.

“చాలు తమ్ముడూ,” అన్నారు అలవాటుగా.

“చాల్లేదక్కా. రోడ్డు ఇంకా పూర్తిగా తడవలేదు.”

ఆమె తలెత్తలేదు. డయల్ వైపే చూస్తూ, “ఎప్పుడొచ్చావురా?” అన్నారు.

“ఇప్పుడే. ఇదే ఆఖరి కొలతని నీ మరదలు చెప్పింది. ఆ రబ్బరు గట్టిపడిన మాట నిజమేనక్కా. ఆ సాయంత్రమే తెలిసింది నాకు.”

“నేనే ఆ మాట నలుగురిలో అనకుండా ఉండాల్సింది.”

లోలకం వదిలారు. ముల్లు ఆగింది. మన సహాయకురాలు అంకె చదవబోతుంటే, అక్కయ్యగారు కళ్లు తుడుచుకుంటూ వారించారు.

“నువ్వన్నట్టు రోడ్డు సరిగ్గా తడవలేదు. ఇది లెక్కలోకి రాదు. నీళ్లు పొయ్యరా, మళ్లీ కొలుద్దాం.”

అక్కయ్యగారికి నిండు ఆరోగ్యమూ, సుదీర్ఘమైన ఆయుష్షూ సమకూరాలనీ, ఇకమీదట ఆమె ఎన్నిసార్లు “చాలు” అన్నా తమ్ముడుగారు వినిపించుకోకూడదనీ మనసారా కోరుకుంటున్నాం.