వెనకబెంచీ మేడమ్ గారి చివరి సంతకం

నెలన్నర కిందట ఒక ఆదివారం సాయంత్రం మేడమ్ గారి ఇంట్లో ఐదుగురున్నారు. వసారాలో బట్టలు మడతపెడుతున్న అత్తగారు, వంటింట్లో టీ కాస్తున్న భర్త, పై గదిలో చదువుకుంటున్న మేనకోడలు, ముందు గదిలో మేడమ్ గారు, వారి ఎదుట కుర్చీ అంచున కూర్చున్న ఒక కొత్త టీచరు. ఆ టీచరు పాఠం చూసి మేడమ్ గారు మూడోసారి కూడా "సిద్ధంగా లేరు" అని రాసి అప్పటికి రెండు రోజులైంది.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మేడమ్ గారు ముప్ఫై నాలుగేళ్ల క్రితం, జూన్ పన్నెండో తేదీన, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిగా ఉద్యోగంలో చేరారు. మొదటి ఏడాది వారి పాఠం చూడడానికి ఎవరూ రాలేదు. చుట్టుకొలత సూత్రాన్నీ వైశాల్యం సూత్రాన్నీ తారుమారు చేసి వారం రోజులు చెప్పారు. నలభై మంది పిల్లలు నలభై నోటుపుస్తకాల్లో ఆ తప్పును ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు. తప్పు తమంతట తామే కనిపెట్టి, పిల్లల ముందు ఒప్పుకుని, అన్ని పుస్తకాలూ దిద్దేసరికి మేడమ్ గారికి తల తీసేసినట్లయింది. వెనక ఒక్కరు కూర్చుని ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు కదా అనుకున్నారు.

అందుకే పదకొండేళ్ల తరవాత, కొత్త టీచర్లకు చేయూతనిచ్చి, వారి పాఠాలు చూసి, లైసెన్సుకు అర్హులో కాదో తేల్చే పరిశీలకుల కార్యాలయంలో అవకాశం రాగానే దరఖాస్తు పెట్టారు. ఇరవై మూడేళ్లలో వారు ఎక్కని బడిమెట్టు లేదు, కూర్చోని బెంచీ లేదు. వెనకబెంచీ మేడమ్ అన్న పేరు టీచర్లు చాటున పెట్టుకున్నదే అయినా, అది మేడమ్ గారి చెవిన పడింది; చివరికి వారే ఫోనులో తమ పేరు అలా చెప్పుకునేవారు.

ఈ కొత్త టీచరు విషయంలో మాత్రం వారి అనుభవానికే పరీక్ష ఎదురైంది. ఆ అమ్మాయి చెప్పిన మాట జవదాటేది కాదు. పాఠ్యపథకం గీత తప్పేది కాదు. కానీ ప్రతి వాక్యం చివరా వెనకబెంచీ వైపు చూసేది. మేడమ్ గారి కలం కదిలితే గొంతు తడబడేది. మూడోసారి భిన్నాలు చెబుతుండగా రెండో వరసలోని పాప లేచి, "టీచర్, వెనకున్న ఆవిడకి ఇంకా అర్థం కానట్టుంది. ఇందాకట్నించీ ఆవిడకే చెబుతున్నారు" అంది. తరగతంతా గొల్లుమంది. మేడమ్ గారూ నవ్వారు. నవ్వుతూనే "సిద్ధంగా లేరు" అని రాశారు.

ఇక మిగిలింది నాలుగో పరిశీలన ఒక్కటే. అదీ తప్పితే ఆ అమ్మాయి తరగతిని వదిలి, రెండేళ్ల శిక్షణ మొదటినుంచీ మొదలుపెట్టాలి.

"మీరు చెప్పినవన్నీ చేశాను మేడమ్. ఇంకేం చెయ్యమంటారు?" అంది ఆ అమ్మాయి.

"నేను చెప్పినవే చేస్తున్నావమ్మా. తంటా అంతా అక్కడే ఉంది."

టీ తెచ్చిన భర్తగారు, ఈవిడ ఇంట్లోనూ ఇంతేననీ, తన టీకి ముప్ఫై ఏళ్లుగా "మెరుగుపడాలి" అనే వ్యాఖ్యే వస్తోందనీ ఊరడించబోయారు. వసారాలోంచి అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"పిల్ల సగమైపోయింది. ఆ సంతకమేదో పెట్టేస్తే నీ చెయ్యి అరిగిపోతుందా?"

"సంతకం ఈ అమ్మాయికి కాదత్తయ్యా, ముప్ఫై ఆరుగురు పిల్లలకి" అన్నారు మేడమ్ గారు.

ఆ రోజునుంచి వారు సలహాలు మానేశారు. రోజూ సాయంత్రం ఫోను చేసి, ఆ పూట ఎవరికి అర్థం కాలేదో చెబితే చాలన్నారు. మొదటి రోజు, అందరికీ అర్థమైందని జవాబు వచ్చింది. "అయితే నువ్వు చూడలేదన్నమాట" అని ఫోను పెట్టేశారు. వారం తిరిగేసరికి కబుర్లు పెరిగాయి. అన్నింటికీ తల ఊపే పిల్లవాడు, అంకెలు తిరగేసి రాసే పాప, కింది సంఖ్య పెద్దదైతే భాగం కూడా పెద్దదనుకునే నలుగురు. అయిదో వారంలో ఒక సాయంత్రం ఫోనే రాలేదు. మేడమ్ గారు రెండుసార్లు ఫోను పనిచేస్తోందో లేదో చూశారు. తలఊపే పిల్లవాడి పక్కన కూర్చుని మీకు ఫోను చెయ్యడం మరిచిపోయానని మర్నాడు ఆ అమ్మాయి బిక్కుబిక్కుమంటూ చెబితే, వారు సరేనని ఫోను పెట్టేశారు. ఆ తేదీని మాత్రం ఫైల్లో రాసుకున్నారు.

పదవీ విరమణ శుభాకాంక్షలు ఇక్కడే చెప్పేస్తే చివరి పాఠం సంగతి తీరిగ్గా చెప్పుకోవచ్చు. ఇరవై మూడేళ్లు చిన్నపిల్లల బెంచీల్లో ఇరుక్కున్న ఆ మోకాళ్లు ఇకనైనా చాపుకుని సుఖపడాలి. నిండు ఆరోగ్యంతో, పదునైన చూపుతో, ఆ మాటకారి భర్తగారి టీ తాగుతూ, వంక పెడుతూ, మేడమ్ గారు నూరేళ్లు చల్లగా ఉండాలి.

నాలుగో పరిశీలన మొన్న శుక్రవారం జరిగింది. టీచరు పథకంలో అయిదు మెట్లు రాసుకుంది. రెండో మెట్టు దగ్గరే ఆ నలుగురూ ఆగిపోయారు. ఆమె సుద్దముక్క కింద పెట్టి, వాళ్ల బెంచీ దగ్గర నేలమీద కూర్చుని, కాగితం మడిచి చింపి, మళ్లీ మడిచి చింపి చూపించింది. ఒకసారి కూడా వెనక్కి చూడలేదు. "ముక్కలెక్కువైతే ముక్క చిన్నదైపోద్ది టీచర్" అని నలుగురిలో ఒకడు అనేసరికి గంట కొట్టారు. పరిశీలన పత్రంలో "పథకం పూర్తయిందా?" అన్న గడిలో మేడమ్ గారు "లేదు" అని రాశారు. దాని కిందే "అవసరం లేదు" అని రాసి, సంతకం పెట్టారు.

పత్రం చేతికిచ్చాక ఇంకా ఏదో చెప్పాలనిపించి గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. ఇరవై మూడేళ్ల అలవాటు. టీచరు పత్రాన్ని బల్లమీద పెట్టి, కళ్లు తుడుచుకుని వచ్చింది.

"మేడమ్, తరవాతి క్లాసు మొదలైంది. ఏమీ అనుకోకండి" అని తలుపు మూసేసింది.