కడ్డీ మీద ఫిర్యాదు

టీవీవాళ్ల అడ్డంకుల పోటీలో నీళ్ల మీద వేలాడే ఇనుప కడ్డీని పట్టుకున్న మూడో సెకనుకే తమ్ముడు జారి పడ్డాడు. ఆ సాయంత్రం అక్క బ్యూటీ పార్లర్‌లో కూర్చుని ఫిర్యాదు రాస్తున్నాడు.

"కడ్డీకి ఎవరో ఏదో పూశారక్కా. ఆర్నెల్లు తలుపు చట్రం పట్టుకుని వేలాడినవాణ్ణి, ఊరికే జారతానా?"

అక్క దువ్వెనలు కడుగుతూ, "నీకన్నా ముందు ఎక్కినవాళ్లో?" అంది.

"ఒక్కడూ జారలేదు. నా తర్వాత ఎక్కిన ఆరుగురూ వరసగా నీళ్లలోకే. సరిగ్గా నా వంతుకే పూశారన్నమాట. నీళ్లలో పడ్డాక కూడా నా చేతులకి గులాబీ వాసన పోలేదు. అదీ రాస్తున్నా."

అక్క చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"వాసన సంగతి రాయకు."

"అదేగా సాక్ష్యం."

"పొద్దున కారులో నువ్వు కునుకు తీస్తున్నావు. చేతులేమో బొబ్బలతో మోటుగా ఉన్నాయి. టీవీలో దగ్గరగా చూపిస్తారు కదా అని, కాస్త క్రీమ్ రాశాను."

తమ్ముడు అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు.

"ఆ ఆరుగురూ సంతకాలు పెట్టడానికి ఇక్కడికే వస్తున్నారక్కా."

"అయితే లే. ఆ గులాబీ క్రీమ్ సీసాలన్నీ లోపల పెట్టు. ఈసారైనా గట్టిగా పట్టుకో."