కొంగ కరిగిన నీళ్ళు

పారేయకురా చిన్నోడా! ఎన్నిసార్లు చెప్పాలి? ఆల్బం నిండా అన్ని స్టాంపులుంటే, చెత్తబుట్టకి ఆ తెల్లదే దొరికిందా నీకు?

ఏమిటీ, ఖాళీ కాగితమా? సరిగ్గా చూడు. అంచున పళ్ళు లేవూ? మీద గుండ్రంగా నల్లటి పోస్టు ముద్ర లేదూ? బొమ్మ లేదంటావు. ఉండేదిరా. నీలం రంగు కొంగ. ఒంటికాలి మీద నిలబడి, మనల్ని పట్టించుకోనట్టు పక్కకి చూస్తూ ఉండేదట.

నువ్వూ నవ్వకు అమ్మలూ. ఆ ఫోను కింద పెట్టు. పెట్టమన్నానా! "పక్షుల స్టాంపులు, మంచి సెట్టు" అని రాసి, ముందు వైపు ఒక్క ఫొటో తీసి, అమ్మకానికి పెట్టేస్తున్నావు కదా? కాసేపు ఆగితే ఆ బటన్ ఏం పారిపోదు.

ఈ కథ మీరెప్పుడూ వినలేదు. మీ తప్పు కాదులే. ఇంత దూరం తెచ్చి పెంచుతున్నాను మిమ్మల్ని. మీకు పెద్దమ్మ అంటే ఫోనులో కనపడే సగం నుదురు, సగం సీలింగు ఫ్యాను. ఆవిడ చేతులు మీరెప్పుడు చూశారు గనక?

చూడాలర్రా ఆ చేతులు! మా అక్కది లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బాగుచేసే పని. ఆవిడ అతికిస్తే అతుకెక్కడో పుస్తకానిక్కూడా తెలిసేది కాదు. కాగితం గురించి ఎవరైనా ఏదైనా చెప్పబోతే, "తాతకు దగ్గులు నేర్పుతారా?" అని నవ్వేది. ఆ నవ్వు కాస్త గుర్తు పెట్టుకోండి.

సెలవు రోజుల్లో అదే లైబ్రరీలో పిల్లల్ని కూర్చోబెట్టి స్టాంపులు సేకరించడం నేర్పేది. ఆవిడ చెప్పే మొదటి పాఠమేమిటో తెలుసా? కొనేముందు తిప్పి చూడండి. తడిపేముందు ఓ మూల ఒక్క చుక్క వేసి చూడండి. అంతే. ఈ రెండు ముక్కలూ ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించిందో!

ఆ పక్షుల సెట్టులో ఏడు ఉండాలి. అక్క దగ్గర ఆరున్నాయి. కొంగ లేదు. ఏళ్ళ తరబడి ఆ ఏడో గడి అలా బోసిగా ఉండిపోయింది. అదిగో, ఆల్బంలో ఆ గడే. లైబ్రరీ హాల్లో స్టాంపుల ప్రదర్శన పెడుతున్నారనగా, ఈసారి కొంగ లేకుండా నేను రానని అందరి ముందూ అనేసింది. అనేశాక ఊరుకుంటుందా? రోజూ ఫోనులో కొంగల వేట!

దొరికింది. పాత వస్తువులు వేలం వేసే ఓ సైటులో. అమ్మేది ఒక వాచీల మెకానిక్కు. ఆయన అన్నగారు పోతే, ఆయన ఆల్బం విప్పి ఒక్కొక్కటే అమ్మకానికి పెడుతున్నాడు. ఉత్తినే పెట్టడం కాదర్రా, ప్రతి స్టాంపు కిందా ఓ రెండు ముక్కలు రాసేవాడు. ఇది మా అన్నకి మొదటి ఉద్యోగం వచ్చిందని చెప్పిన కవరు మీదది. ఇది మా వదిన పెళ్ళికి ముందు రాసిన ఉత్తరం మీదది, లోపలేముందో మాకు చూపించలేదు. ఇలాగ! అక్క కొంగని వదిలేసి అవన్నీ చదువుతూ కూర్చుందట.

కొంగ కింద ఏం రాశాడు? "ముందు వైపు మచ్చ లేదు" అని. వెనక ఫొటో లేదు. వెనక సంగతి ఒక్క ముక్క లేదు.

అక్క గమనించలేదనుకుంటున్నారా? ఆవిడకన్నా ముందు మీ పెద్దనాన్న గమనించాడు. "ముందు వైపు బాగుందంటే, వెనక వైపేదో ఉన్నట్టే కదోయ్. అడుగు" అన్నాడు. "అడిగి జవాబొచ్చేలోపు ఇంకెవరో ఎగరేసుకుపోతారండీ" అంది ఈవిడ. "కొంగే కదా, ఎగిరితే ఎగరనీ" అన్నాడాయన. ఆయనకన్నీ వేళాకోళాలే. తెర మీదేమో టైము అయిపోతోందని ఎర్రంకెలు పరిగెడుతున్నాయి. కొనేసింది. తిప్పి చూడండని అంతమందికి చెప్పిన మనిషి, తిప్పకుండా కొనేసింది.

కవరొచ్చింది. తిప్పింది. వెనకంతా మందపాటి ఆల్బం కాగితం! ఆ అన్నగారు ఏకంగా జిగురు పూసి అంటించేశాడు. తమ్ముడేమో ఊడదీస్తే చిరుగుతుందని చుట్టూ కత్తిరించి పంపాడు. పాపం, ఆయనకేం తెలుసు? అరిగిన పళ్ళచక్రమైతే భూతద్దం పెట్టి చెప్పేవాడు. స్టాంపుకి వీపు కూడా చూస్తారని ఆయనకెవరు చెప్పారు?

అక్క కోప్పడలేదు. చెప్పానుగా, తాతకు దగ్గులు. ఇలాంటివి వందలు ఊడదీసింది. పింగాణీ పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళు పోసింది. ప్రదర్శన తెల్లారితే ఉంది. మూల మీద చుక్క వేసి చూసిందా? వెయ్యలేదు! స్టాంపుని నీళ్ళలోకి జార్చి, టీ పెట్టుకోవడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి నీళ్ళు నీలంగా ఉన్నాయి.

మొదట పళ్ళెం రంగనుకుందట. పట్టకారుతో పైకి తీస్తే, ఇదిగో, మీ చేతిలో ఉన్నదే. కాగితం చక్కగా ఊడింది. కొంగా ఊడింది. ముద్ర ఒక్కటే మిగిలింది. ఆ రోజుల్లో కొన్ని స్టాంపులకి తడి తగిలితే కరిగే సిరా వాడేవాళ్ళట. ఎందుకో తెలుసా? వాడేసిన స్టాంపు మీద ముద్ర కడిగేసి మళ్ళీ వాడే దొంగలుంటారు కదా, వాళ్ళ కోసం. ముద్ర కడగబోతే స్టాంపే పోతుంది. దొంగ కోసం పెట్టిన ఉచ్చులో, చూడండి, మా అక్క పడింది.

తన దగ్గరున్న ఆరూ అదే సిరావి. ఎప్పుడూ తడపలేదు కాబట్టి తెలియలేదు.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? చెప్పవేం అమ్మలూ? అమ్మినాయనదా? వెనక చూపించలేదు కదా. కొన్నావిడదా? అడగలేదు కదా, పైగా ముంచింది కూడానూ. చెప్పలేరు. సైటువాళ్ళూ చెప్పలేదు. ఫిర్యాదు చేద్దామని తెరిస్తే, అక్కడ నొక్కడానికి మూడే ఉన్నాయట. వస్తువు పగిలి వచ్చింది. చెప్పినట్టు లేదు. నా మనసు మారింది. ఇద్దరి తప్పూ ఉంది అని నొక్కడానికి చోటేదీ?

అక్క వేలు గాల్లోనే ఉండిపోయిందట. మీ పెద్దనాన్నే పోరు పెట్టాడు. "చెప్పినట్టు లేదని కొట్టు. వెనక కాగితం ఉందని ఆయన చెప్పలేదుగా, అబద్ధమెలా అవుతుంది?"

"నీళ్ళలో వేసింది నేను కదండీ."

"ఆ సంగతి వాళ్ళడిగారా?"

కొట్టింది. ఫొటో జతచేయమన్నారు. జతచేసింది. దేని ఫొటో? ఈ తెల్లదాని ఫొటో! ముందు వైపు! మాటల్లో అబద్ధం లేదర్రా. ఒక్కటంటే ఒక్కటి లేదు. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కొంగ బొమ్మ చూపించి ఖాళీ కాగితం పంపాడనే కదా? అదే అనుకున్నారు. ఈవిడ టీ చల్లారేలోపు డబ్బు వెనక్కొచ్చింది. అటు సైటులో ఆయన దుకాణం మూతపడింది, మోసం అని ముద్ర వేసి మరీ. దాంతోపాటు ఆ రాతలన్నీ పోయాయి. మొదటి ఉద్యోగం కవరూ, వదినగారి ఉత్తరం కబురూ, అన్నీ.

మూతపడేముందు ఆయన ఒక్క ముక్క పంపగలిగాడు. అక్క నాకు చదివి వినిపించింది, నాకు నోటికొచ్చు. "అమ్మా, నాకు తెలియక చెప్పలేదు. మీకు తెలిసీ అడగలేదు. పోనీండి."

ఆ "పోనీండి" ఉంది చూశారూ, తిట్టినా బాగుండేదని అక్క ఎన్నిసార్లు ఏడ్చిందో!

ఊరికే ఉండిపోలేదు. ఆ రోజే సైటువాళ్ళకి ఫోను చేసింది. నేనే పాడుచేశాను, ఆయన దుకాణం తెరవండి మహాప్రభో అని మొత్తుకుంది. యంత్రం మాట్లాడింది. మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. నక్షత్రాలు! ఆయన్ని వెతుకుదామంటే కవరు మీద సైటువాళ్ళ గోదాము చిరునామా తప్ప ఏమీ లేదు.

మర్నాడు ప్రదర్శనకి ఈ తెల్లదాన్నే పట్టుకెళ్ళి ఏడో గడిలో పెట్టింది. కింద కార్డు మీద తన అక్షరాలతో రాసింది. వెనక వైపు చూపించలేదు, నేను అడగలేదు, నీళ్ళలో వేసింది నేను, ఫిర్యాదులో ఆ సంగతి దాచింది నేను, అమ్మినాయన మోసగాడు కాడు. మీ పెద్దనాన్నకి మొదటిసారి వేళాకోళం తోచలేదు. "నీ సిగ్గు అద్దంలో పెట్టి ఊరందరికీ చూపిస్తావా?" అన్నాడు. "అందర్లో ఒక్కరైనా ఆయన్ని ఎరిగినవాళ్ళు ఉండకపోతారా అండీ" అంది.

ఉన్నారా? లేరు. వచ్చారు, చూశారు, పోయారు. బహుమతులు నిర్ణయించే పెద్దమనిషి కార్డు చదవనైనా లేదు. ఏడో గడి ఖాళీగా వదిలేశారని మార్కులు తగ్గించి పోయాడు. నవ్వొస్తోంది కదా? అక్కకీ వచ్చిందట, ఏడుపు మధ్యలో.

ఇప్పుడా ఆల్బం మీకు పంపింది. అమ్ముకుంటారో దాచుకుంటారో మీ ఇష్టం, తెల్లదాన్ని మాత్రం ఆ ఆరింటి నుంచి విడదీయొద్దంది. నేను అమ్మొద్దనడం లేదు అమ్మలూ. మీరు అబద్ధాలాడే పిల్లలు కారని నాకు తెలుసు. మా అక్కా ఆడలేదు. అందుకే నాకు నిద్ర పట్టదు.

తియ్యి, ఆ ఫొటో మళ్ళీ తియ్యి. ఒక్కొక్కటీ తిప్పి తియ్యి. తడి తగిలితే రంగు పోతుందని రాయి. కొనేవాళ్ళు అడగకపోయినా రాయి. రేపు నువ్వు కొన్నప్పుడు, వాళ్ళు చెప్పకపోయినా అడుగు. సిగ్గెందుకు?

చిన్నోడా, ఆ తెల్లదాన్ని కూడా ఓసారి వెనక్కి తిప్పు. మెల్లిగా. చూశావా, ఎంత శుభ్రంగా ఉందో! కాగితం పొర గానీ, జిగురు మరక గానీ, ఏమైనా ఉందా? ఇంత శుభ్రమైన వీపున్న స్టాంపు మీకు ఆల్బం మొత్తంలో దొరకదు.

ఏం చేస్తాం.

ఎవరు కొనుక్కున్నా ఈ కథంతా చెప్పి ఇవ్వండి. వాళ్ళు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు వాళ్ళనీ చెప్పమనండి. ఎక్కడో ఓ చోట, ఆ వాచీలాయన చెవిన పడకపోతుందా?