‘ఉండేవాడు’ అని రాయని ఉత్తరం

లేదు మేడమ్, రెండో ఏడాదికి నేను చేరను. అడగడం ఇది మూడోసారి మీరు. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు, ఇలా మధ్యలో ఆపేస్తారా అంటారు. ఆ మార్కులు ఎలా వచ్చాయో తెలిస్తే అడగరు.

క్లాసులో పిల్లలంతా ఉద్యోగాల కోసం చదివారు. నేను కసితో చదివాను. అందుకే వాళ్ళు మర్చిపోయారు, నాకు గుర్తుండిపోయింది.

కూర్చుంటాలెండి. మంచినీళ్ళు వద్దు.

నా గురించి మీకు తెలిసిందెంత? ఈ యూనివర్సిటీ లైబ్రరీలో, బైండింగ్ సెక్షన్లో, ఇరవై రెండేళ్ళుగా పుస్తకాలు కుడుతున్నాను. స్టాఫ్‌కి ఫీజు లేదని సాయంత్రం అరబిక్ క్లాసులో చేరాను. అంతే కదా? ఈ వయసులో అరబిక్ ఎందుకండీ అని మొదటిరోజే అడిగారు. కుడినుంచి చదివే అరబిక్ పుస్తకాలకి వెనకట్ట ముందూ, ముందట్ట వెనకా వేసేస్తున్నానండీ, అందుకని అన్నాను. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు.

అబద్ధం చెప్పాను.

మా ఆయన ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసేవాడు. పెళ్ళయ్యాక పదకొండేళ్ళు పరాయి దేశంలో పనిచేశాడు. అక్కడ మాట్లాడేది మీరు నేర్పే ఈ భాషే. తిరిగొచ్చి ఇక్కడే షాపు పెట్టుకున్నాడు. అరబిక్ వచ్చా అని ఎవరైనా అడిగితే, ఆఁ, ఏదో నాలుగు ముక్కలు అనేవాడు. పోయిన ఏడాది ఆ షాపులోనే, స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

పదిరోజులు కూడా కాలేదు. షాపు మూసి ఉందని పోస్ట్‌మాన్ ఒక ఉత్తరం తెచ్చి ఇంట్లో ఇచ్చాడు. మొత్తం అరబిక్. అనుమానమొచ్చి షాపు తెరిచి వెతికితే, టూల్ బాక్స్ అడుగున, రాగి గొట్టాల ముక్కల కింద, ఇంకో పద్నాలుగు. అన్నీ ఒకే చేతిరాత. ఆడమనిషి చేతిరాత. భాష రాకపోయినా ఆ మాత్రం తెలుస్తుంది లెండి.

ఎవరిచేతైనా చదివించుకోవచ్చుగా అంటారు. చదివినవాళ్ళు తలెత్తి నా మొహం చూస్తారే, ఆ చూపు నాకొద్దు. నేనే చదవాలి. ఆవిడెవరో కనుక్కుని, నాకెంత కాలిందో ఆవిడకీ అంత కాల్చాలి. మీ క్లాసుకి నేనొచ్చింది అందుకు.

అయిదో పాఠం గుర్తుందా? చుట్టాల వరసలు. అమ్మ, నాన్న, అన్న, చెల్లెలు. కిందన ‘జౌజీ’ అని రాశారు, నా భర్త అని. మర్నాడు భోజనాల వేళ, బైండింగ్ గదిలో జిగురు డబ్బాలు పక్కకి జరిపి, ఆ ఉత్తరాలన్నీ పరుచుకుని చూశాను. పదిహేనింటిలోనూ మొదటి మాట అదే.

అప్పటిదాకా ఏదో తిరుగుడు అనుకున్నాను మేడమ్. కాదు. పెళ్ళి.

ఆ తర్వాత నేనెలా చదివానో మీరే చూశారు. ఏడో నెలకి ఉత్తరాలు అర్థమవ్వడం మొదలైంది. ఆవిడ బడిలో కుట్టుపని నేర్పుతుంది. పిల్లల్లేరు. ఆఖరిది, పోస్ట్‌మాన్ ఇంటికి తెచ్చింది, నాలుగే లైన్లు. కబురు లేదు, ఆరోగ్యమేనా, ఒక్క ముక్క రాయండి అని.

అంటే, పోయాడని ఆవిడకి తెలీదు.

ముందు ఆ కబురే రాసి ఏడిపిద్దామనుకున్నాను. ఆ వారమే కదా మీరు అక్కడి ఆచారాలు చెప్పారు! భర్త పోతే భార్య నాలుగు నెలల పదిరోజులు ఇంటిపట్టునే ఉంటుందనీ, చుట్టుపక్కల ఆడవాళ్ళొచ్చి పక్కన కూర్చుంటారనీ. నేను పెన్ను కింద పెట్టేశాను. పోయాడని రాస్తే ఆవిడా కూర్చుంటుంది. నలుగురూ వచ్చి వీపు నిమురుతారు. నా మొగుడికి పెళ్ళాంగా ఏడుస్తుంది. ఆ ఏడుపు కూడా నేనే ఇవ్వాలా ఆవిడకి?

ఇవ్వదలచుకోలేదు.

అప్పుడే లేచి అడిగాను, ‘క్షేమంగా ఉన్నాడు’ అనాలంటే ‘ఉన్నాడు’కి ఏం మాట రాయాలని. ఏమీ అక్కర్లేదన్నారు. మనం ‘ఆయన డాక్టరు’ అన్నట్టే రెండు మాటలు పక్కపక్కన పెడితే చాలన్నారు. మరి గడిచిపోయిన సంగతైతే? ముందు ‘కాన’ చేర్చండి, అప్పుడది ‘ఉండేవాడు’ అవుతుందన్నారు.

ఆ వారం హోంవర్కు ఉత్తరం రాయడం. నేనేం రాశానో గుర్తుందా? ‘నేను ఆయన భార్యని. నా భర్త క్షేమం. ఇంట్లో సంతోషంగా ఉన్నాడు. నీకు ఉత్తరం రాయడం ఆయనకి ఇష్టం లేదు.’ కథ కల్పించి రాశాననుకున్నారు మీరు. ఎర్ర సిరాతో రెండు తప్పులు దిద్ది, పక్కన ‘చాలా బాగుంది’ అని కూడా రాశారు.

శుభ్రంగా తిరగరాసి పోస్టు చేశాను మేడమ్. మీరు దిద్దినట్టే.

నేను చేసిందల్లా ‘కాన’ అన్న ఒక్క మాట వదిలెయ్యడం. దాంతో చచ్చినవాడు లేచి కూర్చున్నాడు, ఆవిణ్ణి వదిలేసినవాడయ్యాడు. మూడు వారాలు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అట్టలు కోస్తూ కూనిరాగాలు తీస్తుంటే, పక్క బల్ల దగ్గరి మేస్త్రీ ఏంటమ్మా విశేషం అని అడిగాడు.

నిన్న జవాబొచ్చింది. డిక్షనరీ కూడా తియ్యక్కర్లేకపోయింది. తిడుతుందనుకున్నాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆయనకేదో అయిందని భయపడి చచ్చిందట. ‘దేవుడి దయ, బతికున్నారు. నాకది చాలు. ఇక రాయను. ఆయన్ని బాగా చూసుకో అక్కా’ అని రాసింది.

ఏంటలా చూస్తారు? ఇప్పుడైనా నిజం రాయమంటారు, అంతేనా?

రాయను. ఆయన పోయాడన్న దుఃఖం నా ఒక్కదానికే దక్కాలనుకున్నాను. మొత్తం నాకే దక్కింది. అందులో సగం మొయ్యగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆవిడేమో అక్కడ నిశ్చింతగా ఉంది, మా ఆయన బతికున్నాడని.